తిరుపతి టు శాన్‌ఫ్రాన్సిస్కో: 16 గంటలట!

రెండు ఊళ్ల పేర్లు కొడితే చాలు, దూరమెంతో, విమానంలో ఎంతసేపో చిటికెలో చెప్పే లెక్కల యంత్రాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. తిరుపతి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు గాలి దారిన సుమారు 13,900 కిలోమీటర్లు. దాన్ని గంటకు 900తో భాగించి, లేవడానికీ దిగడానికీ దయతలచి ఓ అరగంట కలిపితే 16 గంటలు. నా అభ్యంతరమల్లా ఆ అరగంట మీదే.

అమెరికాలో కొడుకున్న తిరుపతి తండ్రులు ఈ లెక్కనే నమ్ముకున్నారు. "పొద్దున ఎక్కితే రేత్రికంతా ఆడుంటాడబ్బా మావాడు" అని టీ అంగట్లో ధీమాగా చెబుతుంటారు.

మన రేణిగుంట విమానాశ్రయానికి మాత్రం ఏం తక్కువ? 2015లో గరుడ టెర్మినల్ వచ్చింది, ఆ తర్వాత అంతర్జాతీయ హోదా కూడా వచ్చింది. అమెరికాకు నేరుగా పోయే విమానమొక్కటే రాలేదు. గరుడుణ్ణి ఇంట్లో పెట్టుకుని, పుత్తూరు మీదుగా చెన్నైకి కారు మాట్లాడుకుంటాం. విమానం వాళ్లు మూడు గంటల ముందు రమ్మంటారు, నాయన ఐదు గంటల ముందుండాలంటాడు. ఇంట్లో సరిగ్గా 23 కిలోలు తూగిన పెట్టె కౌంటర్ దగ్గర 25 తూగుతుంది. అక్కడే నేలమీద దాన్ని విప్పి, చెనక్కాయల పొడి తియ్యాలా, పట్టుచీర తియ్యాలా అని అత్తాకోడళ్లు శిఖరాగ్ర సమావేశం పెడతారు. పొడే గెలుస్తుంది. ఆపైన దుబాయ్‌లోనో దోహాలోనో కుర్చీలో కునికిపాట్లు. గడప నుంచి గడపకు కొలిస్తే 30 గంటలు సులువుగా దాటుతుంది.

నేరు విమానం ఉంటే ఈ బాధ ఉండదుగా అనొచ్చు. 2021 జనవరిలో ఎయిరిండియా ఆ ముచ్చటా తీర్చింది. తొలి విమానాన్ని మహిళా పైలట్లే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు తెచ్చారు. దాంతో లెక్క ఇంకా చెడింది. కాలిఫోర్నియా గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు, చలికాలమైతే పదమూడున్నర గంటలు వెనక. బెంగళూరులో మధ్యాహ్నం రెండున్నరకు ఎక్కినవాడు అదే రోజు సాయంత్రం ఆరులోపే అక్కడ దిగేవాడు. అంటే గడియారం సాక్షిగా మూడున్నర గంటలు, మన మద్రాసు బస్సంత! తిరుగు ప్రయాణంలో ఆ బాకీ వడ్డీతో సహా చెల్లు. శుక్రవారం రాత్రి ఎక్కితే ఆదివారం తెల్లవారుజామున దిగేవారు. శనివారం ఒక్కపొద్దు ఉండే మా పెద్దమ్మ అడిగింది: "మబ్బుల్లో గడిచిన శనారానికి పుణ్యం ఎవురి ఖాతాలో పడతాది నాయనా?" ఏ విమానయాన సంస్థ నిబంధనల్లోనూ దీనికి జవాబు లేదు.

కొండమీద ఇలాంటి గందరగోళమే లేదు. క్యూ కాంప్లెక్స్ నుంచి ఆనందనిలయానికి ఎన్ని మీటర్లని ఏ భక్తుడూ అడగడు. ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుంది, పేపర్లో రోజూ వేస్తారు. రద్దీ రోజుల్లో అది అమెరికా విమానాన్ని అలవోకగా దాటేస్తుంది. అయినా ఎవరూ మోసపోయామనుకోరు.

కాబట్టి పౌర విమానయాన శాఖకు నా మనవి: టికెట్ల మీద కిలోమీటర్లు, ప్రయాణ సమయం తక్షణం రద్దు చేసి, రోజువారీ ప్రకటన వెయ్యండి. "నేడు చెన్నైలో ఇమిగ్రేషన్ క్యూ మెట్లదాకా. దోహాలో 6 గంటలు. పెట్టెలు విప్పుతున్న కుటుంబాలు 14." బిజినెస్ క్లాసును బ్రేక్ దర్శనం కింద చూపించండి. ఎవరి సిఫారసు ఉత్తరం కావాలో కూడా కింద రాస్తే, మావాళ్లు ఇవాళే తిరగడం మొదలుపెడతారు.