చిటికెన వేలు చేసిన చేటు

మా మామగారిది భీమవరం పక్కన ఒక పల్లెటూరు. జీవితంలో సగానికి పైగా చేపల చెరువుల గట్ల మీదే గడిపిన మనిషి కావడం వల్ల, ప్రపంచంలో చేప దొరికే ప్రతి చోటా తన మాట చెల్లుతుందని ఆయనకు గట్టి నమ్మకం. అక్కడి భాష రాదు కదా అని ఎవరైనా అంటే ఆయనకు నవ్వొస్తుంది. "దేవుడు చేతులిచ్చింది దేనికి అల్లుడుగారూ? సైగ చేస్తే అర్థం కానివాడు లోకంలో ఉంటాడా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. హాంకాంగ్‌లో మా ఇంటికి వచ్చిన మర్నాడు కూరగాయల బజారుకు ఒంటరిగా వెళ్ళి, ఒక్క మాటైనా మాట్లాడకుండా రెండు వంకాయలకు కొత్తిమీర కొసరు తెచ్చుకున్నాక, ఆ నమ్మకం కాస్తా సిద్ధాంతంగా మారింది.

ఇలాంటి పెద్దమనిషి ఊళ్ళో ఉన్నారని తెలిసి మా ఆఫీసు మేనేజరుగారు ముచ్చటపడ్డారు. ఆయన పుట్టుకతో కాంటనీస్ వారు, అందులోనూ చేపల విషయంలో మహా పట్టింపు ఉన్నవారు. ఒక శనివారం సాయంత్రం మా ఇంటిల్లిపాదినీ సాయ్‌కుంగ్ రేవుకు భోజనానికి పిలిచారు. హాంకాంగ్‌కు తూర్పు అంచున ఉన్న ఆ రేవులో జాలరులు పడవల్లోనే బేరం పెడతారు. కొనేవాళ్ళు పైన వంతెన మీద నిలబడి కిందికి వంగి ఎంచుకుంటే, అమ్మేవాళ్ళు పొడుగాటి కర్రకు కట్టిన వలబుట్టలో సరుకును పైకి అందించి, అదే బుట్టలో డబ్బు కిందికి దించుకుంటారు. ఒడ్డు పొడుగునా ఉన్న హోటళ్ళ ముందు గాజు తొట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటిలో ఈదుతున్నదాన్ని మనం చూపిస్తే, వాళ్ళు దాన్ని పట్టి, తూచి, వంటింట్లోకి తీసుకుపోతారు.

తొట్ల దగ్గర మామగారి విశ్వరూపం చూశాం. కన్ను తేటగా ఉందా, మొప్ప ఏ రంగులో ఆడుతోంది, తోక దగ్గర పొలుసు రాలిందా అని ప్రతి గాజు ముందూ వంగి పరీక్షించి, హోటలువాళ్ళు ముందుకు తోస్తున్న పెద్ద చేపను కాదని, మూలన ఉన్న ఒక మధ్యరకం గరూపాను వేలుపెట్టి చూపించారు. మేనేజరుగారు లోపల అనుకున్నది కూడా అదేనట. ధర దగ్గర ఆయన ఇంకో మెట్టు పైకెక్కారు. అక్కడ ఇప్పటికీ చేపల తూకం పాత లెక్కనే నడుస్తుంది. క్యాటీ అంటే సుమారు 605 గ్రాములు, అందులో పదహారో వంతు టేల్. సరిహద్దు దాటి చైనా వైపున్న షెన్‌జెన్ నగరానికి వెళితే అదే క్యాటీ 500 గ్రాములకు చిక్కిపోతుంది, అది వేరే సంగతి. తొట్టి మీద రాసిన ధర చూసి "పరవాలేదే, చవకే" అని మా ఆవిడ సంబరపడుతుంటే, అది క్యాటీకి కాదు, టేలుకు వేసిన ధర అని మేనేజరుగారు మెల్లగా చెప్పారు. టేలంటే ఎంత అని మామగారు అడిగి, 38 గ్రాముల లోపే అని తెలుసుకుని, "అంటే మన పలం అన్నమాట! నలభై పలాలైతే వీశె. పలానికి ధర రాసి వీశెకు రాసినట్టు కనిపించేలా చేసే విద్య మా నాన్నగారి కాలంలో మా సంతలోనూ ఉండేది" అని తేల్చేశారు. ఇంతటి మనిషికి ఆ రాత్రి ఏ ఆపదా రాదనే మేమంతా అనుకున్నాం.

బల్ల దగ్గర కూర్చోగానే ఆ హోటళ్ళ ఆచారం ప్రకారం మొదటి కూజాలో వచ్చిన వేడి టీతో గిన్నెలు, చెంచాలు, అన్నం తినే పుల్లలు అన్నీ కడిగి, ఆ నీళ్ళను మధ్యనున్న పెద్ద గిన్నెలో పోయాలి. హోటలువాళ్ళు ముందే శుభ్రంగా కడిగి పెట్టినా సరే, పాతకాలపు వాళ్ళు ఎదురుగా ఇంకోసారి కడుక్కోనిదే ముట్టరు. హాంకాంగ్ వచ్చాక మా అత్తగారికి నచ్చిన మొదటి విషయం ఇదే. ఆవిడ తనవీ మావీ కాక మేనేజరుగారివి కూడా లాక్కుని తోమినంత పని చేసి, "ఈ మడి మనవాళ్ళకు కూడా ఉంటే బాగుండును" అన్నారు. కొత్తవాళ్ళు ఆ గిన్నెలోని నీళ్ళు తాగేస్తారని లోకంలో కథలున్నాయి కానీ, మా వాళ్ళు ఆ చిన్న ప్రమాదంలో పడలేదు. వాళ్ళు పెద్దవాటికే పుట్టారు.

తర్వాత అసలు టీ వచ్చింది. ఎవరైనా మన కప్పులో టీ పోస్తే చూపుడు వేలు, మధ్య వేలు కలిపి బల్ల మీద తట్టడం అక్కడ కృతజ్ఞత చెప్పే పద్ధతి. చియెన్‌లుంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ ఒక సేవకుడి కప్పులో స్వయంగా టీ పోశాడనీ, సాష్టాంగపడితే గుట్టు రట్టవుతుంది కనుక ఆ సేవకుడు వేళ్ళు మడిచి బల్ల మీద మోకరింపజేశాడనీ మేనేజరుగారు కథ చెప్పారు. చేతులతో మాట్లాడే దేశం దొరికిందని మామగారికి ప్రాణం లేచొచ్చింది. ఆయన తట్టడం మొదలుపెట్టారు. టీ పోస్తే తట్టారు, పల్లీలు పెడితే తట్టారు, పక్క బల్లవాళ్ళ కప్పులో పోస్తుంటే కూడా భజన గోష్ఠిలో కూర్చున్నట్టు తట్టారు. ఇటు అతిథి కప్పు ఖాళీగా ఉంటే అవమానమనుకునే మేనేజరుగారు గుక్కకోసారి నింపుతూ పోయారు. అటు పోసినది వదిలేస్తే తప్పనుకునే మామగారు తాగుతూ పోయారు. రెండు మర్యాదల మధ్య పొగలు కక్కే టీ కూజాలకు కూజాలు ఖర్చైపోయి, మామగారి నాలుక పూర్తిగా కాలింది. ఆయనకు చల్లటి మంచినీళ్ళు కావలసి వచ్చాయి. అలాంటి హోటళ్ళలో అడగనిదే టీ, వేడి నీళ్ళు తప్ప మరొకటి బల్ల మీదికి రాదు.

నన్ను అడిగితే సరిపోయేది. ఆయన అడగలేదు. "నేను చూసుకుంటాను" అంటూ లేచి, తొట్ల దగ్గర రబ్బరు బూట్లు వేసుకుని నిలబడిన కుర్రవాడి దగ్గరికి వెళ్ళి, మూడు వేళ్ళు మడిచి, చిటికెన వేలు బయటికి చాచి, బొటనవేలిని నోటివైపు చూపించారు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ఆ సైగకు అర్థం ఒక్కటే. అయితే ఒంటి చేతి మీద పది దాకా లెక్కపెట్టే చైనావాళ్ళకు బొటనవేలూ చిటికెన వేలూ చాస్తే ఆరు. మామగారు నిలబడినది మాంటిస్ రొయ్యల తొట్టి ముందు. రొయ్యకూ తేలుకూ సంబంధం కుదిర్చితే పుట్టినట్టుండే ఆ జీవాలు జానెడుకు మించిన పొడుగున్నాయి. వాటిని విడివిడిగా సీసాల్లో పెట్టి, ఒక్కోదానికి ఇంత అని అమ్ముతారు. కుర్రవాడు తొట్టి వైపు చెయ్యి చూపించి "ఇవేనా?" అన్నట్టు కనుబొమలెగరేశాడు. మామగారు మనవాళ్ళందరిలాగే తలను అటూ ఇటూ ఊపారు. అతగాడు మొదటిదాన్ని పైకి తీసేసరికి, ఆ జాతి అలవాటు ప్రకారం అది చివ్వున నీళ్ళు చిమ్మింది. మామగారు అడిగిన నీళ్ళు వచ్చాయి, కాకపోతే ఇస్త్రీ చొక్కా మీదికి వచ్చాయి.

ఏదో పొరపాటు జరిగిందని ఆయనకు అప్పుడు తోచి, అరచెయ్యి ఎత్తి "ఆగాగు" అన్నారు. చాచిన అయిదు వేళ్ళనూ కుర్రవాడు శ్రద్ధగా చూసి, ఒకదాన్ని తిరిగి తొట్టిలో వేసేసి, అయిదింటిని బుట్టలో ఉంచాడు. ఇంక లాభం లేదని మామగారు రెండు చేతులూ జోడించారు. కుర్రవాడు అంతకంటే వినయంగా వంగి, బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. బల్ల దగ్గరికి తిరిగొచ్చిన మామగారు "చెప్పాను, తెస్తున్నాడు" అన్నారు. అది అబద్ధం కాదు.

ఈలోగా గరూపా వచ్చింది. పది నిమిషాల లోపే ఆవిరి మీద ఉడికించి, అల్లం, ఉల్లికాడలు పరిచి, సలసల కాగిన నూనె చిమ్మి, సోయా సాస్ పోసి తెచ్చారు. ముల్లు దగ్గర మాంసం ఇంకా లేత గులాబీ రంగులో ఉండగానే దించడం అక్కడి వంటవాడి గొప్ప. రాత్రి కాచిన పులుసు మర్నాటికి గాని ఊరదనే ఊరివారికి ఇది సగం వంట. "చింతపండు మరిచిపోయారేమో" అని అత్తగారు సందేహించారు. శనివారం కనుక ఆవిడ ఎలాగూ తినరు. ఆవిడ కోసమని తెప్పించిన ఆకుకూరను చూడగానే "తూటికూరే!" అని చెయ్యి చాపి, ముక్కు దగ్గరికి రాగానే అందులో రొయ్యల ముద్ద వేశారని పసిగట్టి, మిగిలిన సాయంత్రమంతా తెల్లన్నంలో పల్లీలు నంజుకున్నారు.

చేప తలను పెద్ద అతిథి వైపు తిప్పి పెట్టడం మర్యాద కనుక పళ్ళెం మామగారి ముందుకే వచ్చింది. దవడ కండ మొదట తీసుకోవాలని ఎవరూ చెప్పకుండానే ఆయన తీసుకున్నారు. మేనేజరుగారి కళ్ళు గౌరవంతో మెరిశాయి. పై భాగం అయిపోయాక మామగారు చెంచా కిందికి దూర్చి చేపను తిరగేయబోయారు. మేనేజరుగారు కేక వేసి ఆయన మణికట్టు పట్టుకున్నారు. బల్ల మీద చేపను తిరగేస్తే సముద్రంలో పడవ తిరగబడుతుందని జాలరుల నమ్మకమట. వెన్నెముకను ఎత్తి పక్కన పెట్టి అడుగు భాగం తినాలి తప్ప తిప్పకూడదు. నేను తెలుగులో చెప్పగానే మామగారు గంభీరులైపోయి, "చెరువులో మేత చల్లే పడవకు కూడా వర్తిస్తుందేమో కనుక్కోండి" అన్నారు. వర్తించదని మేనేజరుగారు నచ్చజెప్పినా ఆయన మనసు ఊరుకోలేదు. అప్పటికప్పుడు చెరువు కాపలావాడికి ఫోను చేసి, పడవను ఒడ్డుకు లాగించి, లాగిన ఫొటో పంపించుకుని, అప్పుడు అడుగు భాగం తిన్నారు.

సరిగ్గా ఆ సమయానికి పొడుగాటి పళ్ళెంలో, ఉప్పూ మిరపా వేయించిన వెల్లుల్లి పొడుల కింద, అయిదు మాంటిస్ రొయ్యలు దిగాయి. పెంకుల అంచున ముళ్ళుంటాయి కనుక కత్తెరలు కూడా వచ్చాయి. "ఇవెవరు చెప్పారు?" అని అందరం అందరినీ చూశాం. మామగారు మాత్రం కత్తెర తీసుకుని దర్జీలా అంచులు కత్తిరిస్తూ, "ఎవరు చెబితే ఏం, బాగున్నాయి కదా" అన్నారు. నిజంగానే బాగున్నాయి. అత్తగారి వంతుది కూడా ఆయనే తిన్నారు. దాంతో దాహం రెండింతలైంది.

బిల్లు వేళకు మేనేజరుగారు చేతులు కడుక్కుంటానని లేచారు. ఈ ఎత్తు భీమవరంలో బాగా తెలిసినదే కావడంతో మామగారు వెంటపడి, కౌంటరు దగ్గర కాగితానికి రెండో కొస పట్టుకున్నారు. నేనంటే నేనని ఇద్దరూ రెండు భాషల్లో కాసేపు పెనుగులాడారు. లాగులాటలో కాగితం మామగారి వైపు తిరిగింది. టీకి తలకింత, ఎవరూ అడగని పల్లీలకింత, సర్వీసుకు పది శాతం అన్నీ కలిసి కింద తేలిన అంకెను ఆయన పది రెట్లకు పైగా హెచ్చవేసి రూపాయల్లోకి మార్చుకోవడం ముఖంలోనే కనిపించింది. "పెద్దవారు, ఇంత ముచ్చటపడుతుంటే కాదనడం మర్యాద కాదు" అంటూ వేళ్ళు సడలించారు. అంతలోనే పరువు గుర్తొచ్చి, "అల్లుడుగారూ, ఆ అయిదింటి సొమ్ము మాత్రం మీరు విడిగా ఇచ్చేయండి" అని నా చెవిలో చెప్పారు.

అవి ఎంతయ్యాయని ఆ రబ్బరు బూట్ల కుర్రవాణ్ణే అడిగాను. ఆరు వందల డాలర్లని చెప్పడానికి అతను నోరు విప్పకుండా మూడు వేళ్ళు మడిచి, బొటనవేలూ చిటికెన వేలూ చాచి చూపించాడు.

అది చూసి మామగారి ముఖం విప్పారింది. "ఇప్పటికి అర్థమైందా నాయనా! చల్లగా ఉండాలి, పెద్ద సీసా" అంటూ సంతోషంగా తల ఊపారు.