డిక్కీలో సామాను పెట్టేవారికి చివరి హెచ్చరిక

కారు డిక్కీ సూట్‌కేసుల కోసం పుట్టిందన్న అపోహ జనంలో ఇంకా పోలేదు. అది పుట్టింది సబ్‌వూఫర్ బాక్స్ కోసం, అంటే బేస్ మోగించే పెద్ద స్పీకర్ పెట్టె కోసం. ఈ సత్యం ఒప్పుకోని కుటుంబ సభ్యులతో వాదన దండగ. ఎవరి సూట్‌కేసు వాళ్ల ఒళ్లో పెట్టి బయల్దేరడమే.

ఇక బాక్స్ మొహం ఎటు తిప్పాలి? వినేవాడు ముందు కూర్చుంటాడు గనక ముందుకే తిప్పాలని అమాయకులు అంటారు. 50 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. మామూలు కారే అంత ఉండదు. అంతటి దానికి ముందేమిటి, వెనకేమిటి? అందుకే సెడాన్‌లో చాలామంది బాక్స్‌ను వెనక్కి తిప్పి, డిక్కీ చివరికంటా జరుపుతారు. వెనక రేకుకు తగిలి తిరిగొచ్చిన శబ్దం ఆట్టే ఆలస్యం కాకుండా అసలు శబ్దంలో కలిసిపోతుంది. అదే రేకుకు మీటరు ఎడంగా పెట్టారనుకోండి, 80 హెర్ట్జ్ దగ్గర పోయేదీ వచ్చేదీ తోడికోడళ్లలా ఎదురుపడి ఒకదాని నోరొకటి మూయిస్తాయి. యాంప్లిఫైయర్ ఒళ్లు వేడెక్కుతుంది, చెవిలో మాత్రం నిశ్శబ్దం.

హాచ్‌బ్యాక్ వాళ్లకి ఈ గొడవ తక్కువ. వెనక్కో పైకో తిప్పుకుంటారు. పోర్టున్న బాక్స్ అయితే ఆ కన్నానికి దుప్పట్లు అడ్డం పెట్టకూడదు, అంతే.

సరైన చోటు తేల్చడానికి శాస్త్రీయ పద్ధతి ఒకటుంది. ఒకే బేస్ స్వరం మోగిస్తూ, బాక్స్‌ను బెత్తెడు బెత్తెడు జరుపుతూ, ప్రతిసారీ డిక్కీ మూసి, డ్రైవర్ సీట్లో కూర్చుని వినాలి. శబ్ద తరంగాన్ని తలకిందులు చేసే ఫేజ్ స్విచ్‌ను 0 నుంచి 180కి మార్చి కూడా చూడాలి. (ఒక్కోసారి ఆ స్విచ్‌తోనే పని అయిపోతుంది. కానీ చెమట పట్టకుండా వచ్చిన బేస్‌కి మాలో మర్యాద లేదు.) మా పద్ధతి వేరు. డిక్కీ బార్లా తెరిచి, వెనక నిలబడి, తల ఊపుతాం. మూసిన కారు అడుగు బేస్‌ను తనంతట తానే పెంచి ఇస్తుందనీ, తలుపు తెరిస్తే ఆ సాయం గాలికి పోతుందనీ మాకు తెలియక కాదు. లోపల కూర్చుంటే మనం వింటున్న సంగతి ఎవరికి తెలుస్తుంది? మా కొలబద్ద నంబర్ ప్లేటు. అది గడగడలాడితే చోటు కుదిరినట్టే.

చోటు కుదిరాక బాక్స్‌ను కదలకుండా బిగించాలి. సడన్ బ్రేకు వేస్తే అంత బరువు వెనక సీటు మీదికొస్తుంది. ఈ విషయంలో నేను వేళాకోళం ఆడను. నాలుగు బోల్టులు దిగేశాను.

మొన్న దారిలో టైరు పంక్చరైంది. స్టెపినీ బాక్స్ కింద ఉంది. బోల్టులు విప్పే స్పానర్ స్టెపినీ పక్కన ఉంది. మా ఆవిడ ఒళ్లోని సూట్‌కేసు దింపి, రోడ్డు పక్కన దానిమీదే కూర్చుని అంది:

"ఎలాగూ ఆగాం కదండీ, కాస్త పాట పెట్టండి."