సవరణ: ఫెర్రిక్ క్లోరైడ్ కాలువలో పోయకండి

మొన్న విజయనగరంలో మా వర్క్‌షాప్‌లో పీసీబీలు (ఎలక్ట్రానిక్ భాగాలు అమర్చే, రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డులు) చేసే తీరు రాస్తూ, పని అయ్యాక, బోర్డు మీద అక్కర్లేని రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్‌లో బాగా నీళ్లు కలిపి కాలువలో పోసేయమన్నాను. తప్పు రాశాను. బోర్డు మీంచి కరిగిన రాగి అంతా అందులోనే ఉంటుంది. ఎన్ని బిందెలు కలిపినా ఆ రాగి ఎక్కడికీ పోదు, చేపలకు విషం. వాషింగ్ సోడా కొద్దికొద్దిగా వేస్తే (బుసబుసా పొంగుతుంది, గ్లవ్స్, కళ్లద్దాలు ఉండాలి) రాగి బురదలా అడుగుకు దిగుతుంది. ఆ బురదనూ చెత్తలో వేయకూడదు. ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి, లోపల ఏముందో పైన రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

అన్నట్టు, ఆ పోస్టు ఫోటోలో బోర్డు ముంచిన స్టీలు పళ్లేన్ని చూసి అదే వాడేరు! దానికి చిల్లు పడింది. బల్ల మీద తుప్పురంగు మరక ఇంకా వదల్లేదు. ప్లాస్టిక్ ట్రే వాడండి.