ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుతూ స్పానిష్ నేర్చుకుంటున్నామనుకునే వారి కోసం

పాటలు వింటూ, సీరియళ్లు చూస్తూ స్పానిష్ నేర్చుకుంటున్నామని చెప్పే మిత్రులు ఈమధ్య ఎక్కువయ్యారు. మార్గం మంచిదే కానీ, వారిలో చాలామంది చేస్తున్నది స్పానిష్ వినడం కాదు, తెర అడుగున పరుగెత్తే ఇంగ్లీషు చదవడం. స్పెయిన్ సీరియల్ 'మనీ హైస్ట్' అయిదు భాగాలనూ నేను అలాగే రెండుసార్లు చూశాను. చివరికి నాకు మిగిలినవి 'బామోస్' (పదండి) అనే మాటా, నలుగురిలో అనకూడని మరో రెండు మాటలూ.

తర్వాత సబ్‌టైటిల్స్‌ను స్పానిష్‌లోకి మార్చాను. పది నిమిషాల సన్నివేశానికి గంట పట్టేది కానీ, విన్న మాట విన్నట్టుగా కంటికి కనబడేది. అయితే ఇందుకు మొదటినుంచీ స్పానిష్‌లోనే తీసినవాటిని ఎంచుకోవాలి. డబ్బింగ్ మాటలను పెదవుల కదలికకు సరిపోయేలా రాస్తారు కాబట్టి, అక్కడ వినిపించేది ఒకటి, కింద కనిపించేది మరొకటి కావడం మామూలే.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. తెలుగువాళ్లమై ఉండి స్పానిష్‌ను ఇంగ్లీషు మీదుగా ఎందుకు నేర్చుకుంటున్నాం? 'మే గుస్తా లా మూసికా' అన్న వాక్యం తలకిందులుగా ఉందంటూ ఇంగ్లీషు పుస్తకాలు పేజీలకొద్దీ వివరిస్తాయి. తెలుగులో అది 'నాకు సంగీతం ఇష్టం', అంతే. 'కాంతో' అంటే 'పాడతాను'. 'నేను' అని విడిగా చెప్పనక్కరలేదు. 'పెరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే 'కుక్క'. వెర్రి, బుర్ర అని పలికే నోటికి ఆ తేడా ఒక లెక్కా? 1999లో మొదలైన కొలంబియా సీరియల్ 'యో సోయ్ బెట్టీ, లా ఫెయా'లో బొగోతా ఆఫీసు మనుషులు 'ఉస్తెద్' (మీరు), 'తూ' (నువ్వు)ల మధ్య ఎలా మారుతుంటారో గమనించండి. సొంత అన్నను 'మీరు' అనే ఇళ్లు మనకూ ఉన్నాయి గనుక, ఆ మర్యాద మనకు కొత్తగా అనిపించదు.

పాటల విషయంలో మాత్రం కొంత జాగ్రత్త అవసరం. 2017లో ప్రపంచమంతా మోగిన 'దెస్పాసీతో' ప్యూర్టోరికో పాట. ఆ ద్వీపంవారు అక్షరం చివరి 'స'ను తరచుగా మింగేస్తారు, 'ర'ను 'ల'గానూ పలుకుతారు. మెక్సికోలో 'గ్రాసియాస్' అనేది స్పెయిన్‌లో చాలాచోట్ల 'గ్రాథియాస్' అవుతుంది, వీధి అనే అర్థంలోని 'కాయే' బ్యూనస్ ఐరిస్‌లో 'కాషే' అవుతుంది. చెవి కుదిరేవరకూ ఒక దేశాన్నే పట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

అయినా పుస్తకం చేయలేని పని పాట చేస్తుంది. కోరికను తెలిపే క్రియారూపం నాకు ఎన్ని పట్టికలు బట్టీపట్టినా ఎక్కలేదు. డొమినికన్ గాయకుడు హువాన్ లూయిస్ గెర్రా 1989 నాటి పాట పేరు 'ఓహలా కే యువేవా కఫే', అంటే 'కాఫీ వాన కురిస్తే బాగుండు'. అందులో 'కురుస్తుంది' అనే మామూలు 'యువేవే' కాక, కోరికను తెలిపే 'యువేవా' ఎందుకు వచ్చిందో తెలిశాక, ఆ రూపాన్ని మళ్లీ మరిచిపోలేదు.

ఇంతా చేసి, మొన్న డాలస్‌లో టాకోలు కొనడానికి వెళ్తే, కౌంటర్ దగ్గరున్న ఆవిడ 'పారా అకీ ఓ పారా యెవార్?' అని గబగబా అడిగారు. ఇక్కడే తింటారా, తీసుకెళ్తారా అన్నది మొదటిసారికే, తెర మీద అక్షరాలు లేకుండానే, పూర్తిగా అర్థమైంది. నా నోట వచ్చిన సమాధానం మాత్రం 'టు గో'.