మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి

రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్లకు వార్నింగులు రాసే అజ్ఞాత రచయితలకు ఇంతవరకూ ఒక్క సాహిత్య పురస్కారమూ రాకపోవడం ఘోరమైన అన్యాయం. ఇంత తక్కువ మాటల్లో ఇంత తక్కువ చెప్పడం మామూలు ప్రతిభ కాదు. "డేటాబేస్‌కు కనెక్షన్ కుదరలేదు. మీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి." కింద ఒకే ఒక్క బటన్, ఓకే. నెలాఖరు సాయంత్రం అమ్మకాల రిపోర్టు తీయడానికి కూర్చున్న మనిషి ఆ బటన్ నొక్కక ఇంకేం చేస్తాడు? నొక్కుతాడు. పెట్టె పోతుంది. కనెక్షన్ మాత్రం రాదు.

సర్వర్ పేరే తప్పా, పేరు సరైనదే అయినా పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే ద్వారం) మూసుకుపోయిందా, పోర్టు తెరిచే ఉన్నా పాస్‌వర్డ్ గడువు తీరిందా? సాఫ్ట్‌వేర్‌కు చాలావరకు తెలుసండీ. తెలిసీ చెప్పదు. కింద ఉండి డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ పాపం నంబరు వేసి మరీ విన్నవించుకుంటుంది. ఒరాకిల్ డేటాబేస్ అయితే ఓఆర్‌ఏ-12154: మీరిచ్చిన కనెక్షన్ పేరు ఎవరిదో పోల్చుకోలేకపోయాను మహాప్రభో అని. ఓఆర్‌ఏ-01017: యూజర్ నేమో పాస్‌వర్డో తప్పు. ఓఆర్‌ఏ-28000: అకౌంట్ లాక్ అయింది. మన రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ ఈ అర్జీ అందుకుని, చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మనవైపు తిరిగి "కుదరలేదు" అంటుంది.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వారిది ఇంకో పద్ధతి. 18456 అని ఊరుకుంటారు. లాగిన్ కుదరలేదు, అంతే. దొంగ లాగిన్లు ప్రయత్నించేవాడికి ఆధారాలు ఇవ్వకూడదు కాబట్టి ఈ గోప్యత, అందులో తప్పు పట్టను. అసలు కారణం సర్వర్ ఎర్రర్ లాగ్‌లో స్టేట్ నంబరుగా ఉంటుంది. 5 అయితే అలాంటి యూజరే లేడు, 8 అయితే పాస్‌వర్డ్ తప్పు. ఆ లాగ్ చూసే అనుమతి రిపోర్టు తీసేవాడికి ఉండదు. అడ్మినిస్ట్రేటర్‌కు ఉంటుంది.

సరే, సంప్రదిద్దాం. ఏ అడ్మినిస్ట్రేటర్‌ను?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికే కార్పొరేట్ ప్రపంచం కాన్ఫరెన్స్ కాల్ అనే క్రతువును కనిపెట్టింది. రిపోర్టు టీమ్, డేటాబేస్ టీమ్, నెట్‌వర్క్ టీమ్, వీళ్లందరి మీదా ఒక మేనేజరు. "మా వైపు అంతా క్లియర్ అండీ," అంటారు డేటాబేస్ వారు. "పింగ్ వెళ్తోంది సార్," అంటారు నెట్‌వర్క్ వారు విజయగర్వంతో. పింగ్ వెళ్లడమంటే ఆ మెషిన్ బతికి ఉందని మాత్రమే. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలుగా వాడే 1433 పోర్టు తెరిచి ఉందో లేదో పింగ్‌కు తెలియదు, అడిగినా చెప్పదు. ఈ ముక్క కాల్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు, అంటే ఆ టికెట్ (రాసిపెట్టిన ఫిర్యాదు) అన్నవాడి పేరు మీదికే వస్తుంది.

అప్పుడు రిపోర్టు టీమ్ కుర్రాడు స్క్రీన్ షేర్ చేస్తాడు. ప్రోగ్రాములను డేటాబేస్‌తో కలిపే విండోస్ ఏర్పాటు ఓడీబీసీ తెరిచి, డీఎస్‌ఎన్ (కనెక్షన్ వివరాలు దాచిన పేరు) ఎంచుకుని, టెస్ట్ బటన్ నొక్కుతాడు. "టెస్ట్స్ కంప్లీటెడ్ సక్సెస్‌ఫుల్లీ!" అన్నీ పెద్దక్షరాలు, చివర ఆశ్చర్యార్థకం. ఆశ్చర్యం ఎందుకో దానికే తెలియాలి. "చూశారా మేడమ్, కనెక్ట్ అవుతోంది!" రిపోర్టు రన్ చేస్తాడు. డేటా సోర్స్ పేరు దొరకలేదు, ఐఎం002. మళ్లీ టెస్ట్. సక్సెస్‌ఫుల్లీ! మళ్లీ రిపోర్టు. దొరకలేదు. "ఒకసారి రీస్టార్ట్ చేసి చూద్దామా?" అని ఎవరో అంటారు. రీస్టార్ట్ అవుతున్నంతసేపూ అందరూ మ్యూట్‌లో ఉంటారు. సక్సెస్‌ఫుల్లీ! దొరకలేదు.

ఇందులో కిటుకు ఏమిటంటే, 64-బిట్ విండోస్‌లో ఓడీబీసీ కార్యాలయాలు రెండు. 32-బిట్ ప్రోగ్రాములకు ఒకటి, 64-బిట్ ప్రోగ్రాములకు ఒకటి. దీని సిస్టమ్ డీఎస్‌ఎన్‌లు దానికి కనిపించవు. కుర్రాడు టెస్ట్ చేసింది 64-బిట్ దాంట్లో, పాత రిపోర్టు ప్రోగ్రామ్ 32-బిట్‌ది. మరి ఆ రెండూ ఎక్కడుంటాయి? 64-బిట్‌ది సిస్టమ్32 ఫోల్డర్లో ఉంటుంది. 32-బిట్‌ది సిస్‌వావ్64 ఫోల్డర్లో ఉంటుంది. మీరు సరిగ్గానే చదివారు, అచ్చుతప్పు కాదు. రెండు ఫైళ్ల పేరూ మళ్లీ ఒక్కటే, ఓడీబీసీఏడీ32. నేతి బీరకాయలో నెయ్యెంతో సిస్టమ్32లో 32 అంతే. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని ఆ పేర్లు అలాగే ఉంచేశారు. ప్రోగ్రాములు చెడలేదు, మనుషుల సంగతి ఎవరూ అడగలేదు.

ఈ గండం దాటినవారికి సర్టిఫికెట్ గండం ఉంది. 2022లో వచ్చిన ఎస్‌క్యూఎల్ సర్వర్ ఓడీబీసీ డ్రైవర్ 18 ఎన్‌క్రిప్షన్‌ను డిఫాల్ట్‌గా తప్పనిసరి చేసింది, మంచిదే. సర్వర్ చూపే సర్టిఫికెట్, అంటే దాని గుర్తింపు పత్రం, నమ్మదగ్గది కాకపోతే కనెక్షన్ ఇవ్వదు, అదీ మంచిదే. దానికి మనవాళ్లు కనుక్కున్న పరిష్కారం కనెక్షన్ వివరాలు రాసే లైన్ (కనెక్షన్ స్ట్రింగ్)లో ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ ఈక్వల్స్ ఎస్ అని చేర్చడం. ఎవరి సర్టిఫికెట్ అయినా నమ్మేస్తాం, రండి! వార్నింగ్ పోయింది, టికెట్ క్లోజ్.

వార్నింగ్ పోవడమే పనిగా పెట్టుకున్న చోట రేపటి రిపోర్టు ఎలా ఉంటుందో చెప్పనా? కనెక్షన్ రాలేదు. రిపోర్టు ఫైల్లో పాత డేటా సేవ్ అయి ఉంది. ఓకే నొక్కగానే ఆ పాత అంకెలే ముచ్చటగా తెర మీదికొస్తాయి. పైన తేదీ మాత్రం ఇవాళ్టిది, కంప్యూటర్ గడియారం చూసి వేసింది. పవర్ బీఐ అనే రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ నయం, షెడ్యూల్ రిఫ్రెష్ వరసగా నాలుగుసార్లు దెబ్బతింటే షెడ్యూల్‌నే ఆపేసి ఓనర్‌కు మెయిల్ పంపుతుంది. ఆ ఓనర్ ఉద్యోగం మానేసి ఎప్పుడో వెళ్లిపోయాడన్నది వేరే సంగతి.

ఆ పాత అంకెలు మీటింగ్‌కు వెళ్తాయి. గోడౌన్‌లో లేని సరుకు ఉందనుకుంటారు, కట్టేసిన బిల్లు కట్టలేదనుకుంటారు. బయటపడిన రోజు ఎవరిని నిలబెడతారు? డ్రైవర్ మార్చినవాణ్నా, పాస్‌వర్డ్ మార్చి ఎవరికీ చెప్పనివాణ్నా? కాదు. ప్రింట్ తీసిన అమ్మాయిని. "వార్నింగ్ వచ్చింది కదా, చూసుకోవద్దా?" చూసుకుందయ్యా! చూసింది, స్క్రీన్‌షాట్ తీసింది, టికెట్ పెట్టింది. మీరే మూడు టీముల మధ్య తిప్పి "యూజర్ నుంచి స్పందన లేదు" అని క్లోజ్ చేశారు. ఏ అధికారమూ లేని మనిషి ముఖాన వార్నింగ్ పడేసి, అధికారం ఉన్నవాడికి దాని వాసన కూడా తగలకుండా కాపాడి, చివరికి ఆ మనిషినే దోషిని చేయడానికి సిగ్గుండక్కర్లేదా?

ఆ పెట్టెలో నాలుగు ముక్కలు రాయలేరా? ఏ సర్వర్, ఏ పోర్టు, ఏ యూజర్, ఏ డ్రైవర్, 32ఆ 64ఆ. పాస్‌వర్డ్ ఎవరూ అడగడం లేదు. మిగతావన్నీ ప్రోగ్రామ్ చేతిలో ఉన్నవే, వాటితోనే కదా అది కనెక్ట్ కాబోయింది! ఇక తేదీ మాట. క్రిస్టల్ రిపోర్ట్స్ అనే రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రింట్ డేట్ అనే ఫీల్డ్‌తో పాటు డేటా డేట్ అనే ఫీల్డ్ కూడా ఉంది, డేటాను చివరిసారి ఎప్పుడు తెచ్చుకున్నదీ అది చెబుతుంది. రెండూ ఒకే జాబితాలో ఉంటాయి. మౌస్‌తో లాగి హెడర్‌లో వదలాలి, అంతే పని. నేను చూసిన ప్రతి హెడర్‌లోనూ ఉన్నది ప్రింట్ డేటే, అదీ బోల్డ్‌లో.