ఆర్సెనల్ గోలూ, మా గల్లీ బతుకమ్మా

నిన్న రాత్రి జరిగింది ఇది. ఇంకా తల కొట్టేసినట్టే ఉంది కాబట్టి వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

2025 ఆసియా కప్ క్రికెట్ ఫైనల్. దుబాయ్‌లో ఇండియా, పాకిస్తాన్. మీరంతా ఇంట్లో కాళ్ళు చాపుకుని చూసే ఉంటారు. నేనుండేది చైనాలో, షెన్‌జెన్‌లో. ఇక్కడ మ్యాచ్ మొదలయ్యేసరికే రాత్రి పదిన్నర. పైగా నిన్న ఆఫీసు.

ఆదివారం ఆఫీసేమిటని అడక్కండి, అసలే ఒళ్ళు మండిపోతోంది. ఈసారి అక్టోబరు 1 నుంచి 8 దాకా ఇక్కడ జాతీయ దినోత్సవం సెలవులు. వినడానికి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిదీ ఒక వరసలో రావాలి కదా, అందుకని సెప్టెంబరు 28 ఆదివారాన్నీ, అక్టోబరు 11 శనివారాన్నీ పనిరోజులు చేసేశారు. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో లాక్కోవడం. దేశం మొత్తం దీన్ని తిట్టుకుంటూనే పొద్దున్నే మెట్రో ఎక్కుతుంది. నేనూ ఎక్కాను. సాయంత్రం దాకా ఫ్యాక్టరీలో ఛార్జర్ల నాణ్యత చూస్తూ, బుర్రలో మాత్రం టాస్ గురించి ఆలోచిస్తూ గడిపాను.

మా ఆఫీసులో విజయవాడ ఆయన ఒకరున్నారు. ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది. షెన్‌జెన్‌కి శంకుస్థాపన తానే చేసినట్టు మాట్లాడతారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా బాధ విని, "షెకౌ వెళ్ళు తమ్ముడూ. సీ వరల్డ్ దగ్గర బార్లన్నీ ఫారినర్స్‌వే. క్రికెట్ అడిగితే వేస్తారు. నేనూ వస్తాలే," అన్నారు. ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

షెకౌ అంటే షెన్‌జెన్‌లోనే సముద్రం పక్క పేట. అక్కడ సీ వరల్డ్ అంటే ఒక ఓడ. 1962లో ఫ్రాన్స్‌లో కట్టారు, 1983లో ఇక్కడికి తెచ్చి ఒడ్డున ఆపేశారు. ఆ తర్వాత సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు. ఇప్పుడది ఎండిన చెరువులో మిగిలిపోయిన పడవలా, చుట్టూ హోటళ్ళు, కాఫీ షాపుల మధ్య నిలబడి ఉంటుంది. దాని చుట్టుపక్కలే బార్లు. ముందు ఫోన్‌లో డియాన్‌పింగ్ తీసి చూశాను. ఇక్కడ ఏ హోటలైనా, బారైనా అందులో చూడకుండా ఎవరూ గడప తొక్కరు. ప్రతి బార్‌కీ వందల ఫొటోలున్నాయి. గులాబీ రంగు గ్లాసు, గ్లాసు పక్కన అమ్మాయి, నియాన్ లైటు కింద అదే అమ్మాయి. టీవీ ఎటు గోడకుందో, అందులో ఏ ఆట వస్తుందో చూపించే ఫొటో ఒక్కటి లేదు. అంతమంది అక్కడికెళ్ళి ఏం చూశారో మరి.

బార్ల ముందు సుద్దముక్కతో రాసిన బోర్డులు మాత్రం ఉన్నాయి. ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ అన్నిచోట్లా ఉంది. ఒకచోట రైడర్ కప్ అని గోల్ఫ్ కూడా రాశారు. గోల్ఫ్! మనుషులు గడ్డి మీద నడుచుకుంటూ పోయే ఆటకి టీవీ ఉంది, రెండు దేశాల్లో రోడ్లు ఖాళీ అయ్యే ఆటకి లేదు. క్రికెట్ అని అడిగితే వెయిటర్లు జాలిగా చూశారు. నేను బ్యాటు ఊపి చూపించాను కూడా. ఒకతను నాకు బేస్‌బాల్ పెట్టబోయాడు.

చివరికి ఒక బార్‌లో మేనేజర్ కుర్రాడు నిలబడి విన్నాడు. ఇద్దరి మధ్యా ఫోన్ అనువాదం. "మీ హాంగ్‌జౌలో 2023 ఆసియా క్రీడల్లో క్రికెట్ ఆడారు, బంగారు పతకం మాదే. ఆ జట్టులో మా హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ ఉన్నాడు. సెమీఫైనల్లో బంగ్లాదేశ్ మీద 55 నాటౌట్. ఈ రాత్రి ఫైనల్లోనూ ఆడుతున్నాడు. కాబట్టి ఒక రకంగా ఇది మీ మ్యాచే," అని వాదించాను. హాంగ్‌జౌ షెన్‌జెన్‌కి వెయ్యి కిలోమీటర్ల పైనే ఉంటుంది. అతనికి అది గుర్తురాకముందే ఒప్పేసుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో తర్వాత తెలిసింది. మ్యాచ్ రాత్రుల్లో టేబుల్‌కి ఇంత ఖర్చు పెట్టి తీరాలని లెక్క ఉంది. ఒక్కడినే కూర్చున్నా నలుగురి లెక్కే. విజయవాడ ఆయన వస్తే ఇద్దరం పంచుకుందాం అనుకున్నాను. ఆయన ఫోన్ మోగుతూనే ఉంది.

ఒప్పందం ఇది. హాల్లో పెద్ద గోడ మీద ప్రొజెక్టర్. అందులో న్యూకాజిల్, ఆర్సెనల్ మ్యాచ్. అది పదకొండున్నరకి మొదలవుతుంది. బార్ నిండా ఎర్ర జెర్సీలే, సగం ఇంగ్లీషువాళ్ళు, సగం చైనా కుర్రాళ్ళు. నాకు బాత్రూమ్‌కి వెళ్ళే సందు పైన చిన్న టీవీ ఇచ్చారు. దాంట్లో నా ఫోన్‌లోంచే మ్యాచ్ వేసుకోవాలి. స్క్రీన్ అంతా టీవీ మీద కనిపించే పద్ధతి. మన యాప్ ఇక్కడ రాదు కాబట్టి వీపీఎన్ అనే దొడ్డిదారి కావాలి. ఆ దారి గురించి ఎక్కువ రాయను. ఇక్కడుండే ప్రతి ఇండియన్ ఫోన్‌లోనూ ఉంటుంది, రోజుకోసారి పడిపోతూ ఉంటుంది. వాట్సాప్ కూడా 2017 నుంచి బంద్ కాబట్టి, ఆ దారి తెరిస్తేనే క్రికెట్టూ వస్తుంది, ఇంట్లోవాళ్ళూ వస్తారు. రెండూ ఒకే తలుపు. ఇది కాస్త మనసులో పెట్టుకోండి.

ఫోన్‌లో టీవీల జాబితా తీస్తే రెండు పేర్లు. రెండిట్లోనూ హాల్ అని చైనీస్ అక్షరాలు, పక్కన అంకె. ఒకటికి ఒక అడ్డగీత, రెండుకి రెండు అడ్డగీతలు. పెద్ద గోడ ఒక గీత, నా టీవీ రెండు గీతలు. పాస్‌వర్డ్ లేదు, అడిగేవాడు లేడు, ఎవడి ఫోనైనా ఎందులోకైనా దూరిపోవచ్చు. ఇంత టెక్నాలజీ ఉన్న ఊళ్ళో, ప్రపంచానికంతటికీ ఫోన్లూ ఛార్జర్లూ తయారుచేసే ఊళ్ళో, రెండు టీవీలకి తేడా ఒక గీత! అదీ చీకట్లో!

పాకిస్తాన్ ఇన్నింగ్స్ హాయిగా గడిచింది. ఒక వికెట్‌కి 113 మీదున్నవాళ్ళు 146కి ఆలౌటయ్యారు, కుల్దీప్‌కి నాలుగు. బాత్రూమ్‌కి వెళ్ళేవాళ్ళంతా నా టీవీ కింద ఒక్క క్షణం ఆగి, ఏం జరుగుతోందో అర్థం కాక, నా సంతోషం చూసి తలూపి వెళ్ళారు. తర్వాత మనవాళ్ళు దిగారు. 20కి మూడు. అభిషేక్, సూర్య, గిల్ అందరూ వెళ్ళిపోయారు. అప్పుడే దారి పడిపోయింది.

ఇక్కడి నుంచి కాస్త నెమ్మదిగా చెప్తాను.

ఒక చేత్తో చికెన్ వింగ్, ఇంకో చేత్తో ఫోన్. దారి మళ్ళీ తెరిచాను. జాబితా తీశాను. గీత నొక్కాను. చిన్న టీవీ వైపు తలెత్తి చూశాను. నల్లగా ఉంది. హాల్లో మాత్రం ఒక్కసారిగా నిశ్శబ్దం. అటు తిరిగాను.

గోడ నిండా నేను. న్యూకాజిల్ గోల్‌పోస్ట్ ఉండాల్సిన చోట నా గడ్డం, దాని పైన నా ముక్కు రంధ్రాలు, ఒక్కొక్కటీ తలుపంత. వాట్సాప్‌లో వీడియో కాల్ వస్తే ఎత్తకముందే మన ముఖం మనకే చూపిస్తుంది కదా, అదన్నమాట. ఎనభయ్యో నిమిషం దాటింది, ఆర్సెనల్ ఒక గోల్ వెనకుంది, దాడి మీద దాడి చేస్తోంది. ఎర్ర జెర్సీలన్నీ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని నా ముక్కులోకి చూస్తున్నాయి. నా ముఖం కింద తెలుగులో రెండక్షరాలు, అమ్మ.

కాల్ కట్ చేద్దామని వేలితో తోశాను. వేలికి మసాలా నూనె. తోసింది పైకో, పక్కకో. ఎత్తేసింది.

"ఏందిరా, ఎంత సేపు ఎత్తవు?" మా అమ్మ గొంతు బార్ స్పీకర్లలోంచి వచ్చింది. పెద్దవి, నేలకి ఆనించి పెట్టిన స్పీకర్లు. టేబుల్ మీద గ్లాసులు అదిరాయి.

"అమ్మా, పెట్టెయ్యి, తర్వాత చేస్తా."

"మూడు పడ్డయంట గదా. మీ నాయిన టీవీ బంద్ జేసి పన్నడు. నువ్వు మేల్కొనే ఉంటవని చేసిన. గిదో చూడు, మన గల్లీ బతుకమ్మ. ఈసారి తంగేడు పువ్వు మంచిగ దొరికింది." అని ఫోన్ అటు తిప్పింది.

చంపాపేటలో మా గల్లీ, ఎత్తు తక్కువేమీ కాని బతుకమ్మ, చుట్టూ పట్టుచీరల్లో ఆడవాళ్ళు, వెనక డీజే. షెకౌ నడిబొడ్డున గోడ నిండా. మా ఎదురింటి ఆంటీ వంగి చప్పట్లు కొట్టి లేస్తుంటే ఆమె గాజుల చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. ఆ స్పీకర్లు మంచివే, ఆ విషయం ఒప్పుకోవాలి.

చైనాలో ఏ ఊళ్ళోనైనా సాయంత్రమైతే ఖాళీ జాగాల్లో ఆంటీలు స్పీకర్ పెట్టుకుని వరసగా నిలబడి డాన్స్ చేస్తారు. ముందు టేబుల్ చైనా కుర్రాళ్ళకి ఇదీ అలాంటిదే అనిపించినట్టుంది. వాళ్ళ మొహాలు వెలిగాయి. ఒకమ్మాయి లేచి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది, ఇద్దరు ఫోన్లు తీసి వీడియో. ఇంగ్లీషువాళ్ళలో ఒకాయన మాత్రం నా పక్కకొచ్చి, చాలా మర్యాదగా, ఎంతో బాధతో, "మేట్, ప్లీజ్," అన్నాడు. నేను ఫోన్ మీద ఎక్కడ నొక్కితే అక్కడ జారుతోంది. చివరికి కెమెరా మళ్ళీ మా అమ్మ వైపు తిరిగింది. ఆవిడ కళ్ళు చిన్నవి చేసి చూస్తోంది.

"ఏడున్నవ్ రా? ఆఫీసుల ఉన్నా అన్నవ్ గదా. గా ఎర్రంగీలోళ్ళు ఎవరు? గా గ్లాసేంది?"

"ఆపిల్ జ్యూస్ అమ్మా."

"నురుగున్నది."

దీనికి నేను జవాబు చెప్పేలోపే మేనేజర్ కుర్చీ ఎక్కి ప్రొజెక్టర్ ప్లగ్గు పీకేశాడు. నా ఫోన్ తీసుకుని ఆపేస్తే సరిపోయేది. ప్లగ్గు పీకాడు. తర్వాత మళ్ళీ పెట్టాడు. ఇక్కడి చాలా స్మార్ట్ టీవీ పెట్టెలకి ఒక రోగం ఉంది. ఆన్ చేయగానే ముందు ప్రకటన. దాటవేయడానికి లేదు, మూలన అంకెలు తగ్గుతూ ఉంటాయి. చైనాలో జనం దీని మీద ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువు మనదే, అందులో మొదట కనిపించేది మాత్రం వాళ్ళ సరుకు. నిన్న రాత్రి ఒక కారు వచ్చింది. వానలో, కొండ రోడ్డు మీద, ఏమాత్రం తొందర లేకుండా మలుపులు తిరిగింది.

ఆ కారు రెండో మలుపులో ఉండగా పక్క బార్ నుంచి ఒక అరుపు వినిపించింది. గోడలు అదిరేంత అరుపు. దాని వెనకే పాట.

84వ నిమిషం. డెక్లన్ రైస్ క్రాస్, మెరీనో తలతో కొట్టాడు. వన్ ఆల్. ఇంటింటా పెళ్ళాలకి సర్దిచెప్పి వచ్చిన మనుషులు అర్ధరాత్రి దాటినా ఆ గోల్ కోసమే కూర్చున్నారు. వాళ్ళకి కారు చూపించాం. మొత్తం హాలు ఒకేసారి తిరిగి నా వైపు చూసింది. అంతమంది ఒకేసారి నన్ను చూడటం పెళ్ళిలో కూడా జరగలేదు.

వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఈ వ్యాసం రాయగలుగుతున్నాను. ఇంజురీ టైమ్‌లో ఇందాకటి పెద్దాయనే మళ్ళీ వచ్చి, "మీ అమ్మని మళ్ళీ పెట్టు, అది లక్కీ," అన్నాడు. జోక్ అనుకున్నాను, కాదు. వెనకాల ఇంకో ఇద్దరు తలూపుతున్నారు. బ్యాటరీ అయిపోయిందని చెప్పాను. ఎర్ర జెర్సీవాళ్ళ మూఢనమ్మకం కోసం మా అమ్మకి నురుగు సంగతి రెండోసారి వివరించే ఓపిక నాకు లేదు. 96వ నిమిషంలో గాబ్రియేల్ తలతో కొట్టాడు, ఆర్సెనల్ గెలిచింది, ఎవరో నన్ను గాల్లోకి లేపారు. దించాక చూస్తే చిన్న టీవీలో టేబుల్ టెన్నిస్. మళ్ళీ ఫోన్ కలుపుకుంటానంటే మేనేజర్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. టేబుల్ లెక్క మాత్రం తగ్గించలేదు.

మిగతా మ్యాచ్ బయట మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూశాను. ఆఖరి ఓవర్‌లో పది కావాలి, రవూఫ్ పరుగెత్తుకొస్తున్నాడు, బొమ్మ ఆగిపోయింది. గుండ్రం తిరుగుతోంది. అప్పుడు పైన ఒక మెసేజ్ జారింది. "సిక్స్!!! తిలక్ ఇరగదీశాడు తమ్ముడూ! అక్కడ సందడెలా ఉంది?" విజయవాడ ఆయన. ఇంట్లో, సోఫాలో, నాకంటే మంచి సిగ్నల్‌తో. 53 బంతుల్లో 69 నాటౌట్ కొట్టిన మా ఊరి పిల్లాడి సిక్సుని నేను ఆయన మెసేజ్‌లో చూశాను. రింకూ ఫోర్ కూడా ఆయనే చెప్పారు. ఈ పొద్దున్న ఆఫీసులో ఎదురుపడి, "చెప్పాగా, అడిగితే వేస్తారని!" అన్నారు.

మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. గ్లాసు గురించి అడుగుతుందని సిద్ధంగా ఉన్నాను. ఆ ఊసే లేదు. చైనాలో పెద్ద తెర మీద పడ్డామని గల్లీ అంతా చెప్పేసిందట. ఎదురింటి ఆంటీ పడింది, మా పిన్ని పడలేదు, ఇప్పుడు ఆ గొడవ నడుస్తోంది.

"రేపు సద్దుల బతుకమ్మ. మీ పిన్ని కొత్త చీర కడ్తదంట. మళ్ళా గా హోటల్‌కే పో."

రేపు రాత్రి అక్కడ లివర్‌పూల్ మ్యాచ్ ఉంది.