ఫ్రిస్కోలో ఏప్రిల్: మూడు హిట్ల తేడా

టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో మన తెలుగు కుటుంబాలకు రైడర్స్ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానం అంటే పిల్లల్ని తీసుకెళ్ళే చోటు. అవుట్‌ఫీల్డ్ అవతల నీళ్ళలో తేలుతూ ఆట చూసే లేజీ రివర్ ఉంటుంది, కొన్ని రాత్రులు ఆట అయ్యాక బాణసంచా కాలుస్తారు. ఇంటికొచ్చేసరికి ఎవరు గెలిచారో చాలామందికి గుర్తుండదు. అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడ ఆడే కుర్రాళ్ళలో ఒకరిద్దరు ఏడాది తిరక్కముందే ముప్పావు గంట దూరంలో ఉన్న ఆర్లింగ్టన్‌లో, మేజర్ లీగ్ జట్టు టెక్సస్ రేంజర్స్ జెర్సీ వేసుకుని, నలభై వేల మంది ముందు నిలబడతారు.

2023లో అదే జరిగింది. ఆగస్టులో రేంజర్స్ కింది స్థాయి జట్టు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కు ఆడుతున్న ఎవన్ కార్టర్ సెప్టెంబరు 8న రేంజర్స్‌లో చేరాడు. నవంబరు 1న ఆ జట్టు తన చరిత్రలో మొదటి వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచింది. అప్పటికి కార్టర్ వయసు 21. ఆ సీజన్ చివరి ప్లేఆఫ్స్‌లో అతను కొట్టిన డబుల్స్ (ఒకే దెబ్బకు రెండో బేస్ చేర్చే హిట్లు) తొమ్మిది. ఒకే ఏడాది ప్లేఆఫ్స్‌లో అన్ని డబుల్స్ అంతకుముందు ఎవరూ కొట్టలేదు.

ఈ కుర్రాణ్ణి, జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్టులో, 2020లో రెండో రౌండులో రేంజర్స్ తీసుకున్నప్పుడు, ఇతనెవరని టీవీలో విశ్లేషకులే తడబడ్డారు. కోవిడ్ వల్ల ఆ ఏడాది మైనర్ లీగ్ (కింది స్థాయి జట్ల) సీజన్ మొత్తం రద్దయింది. 2021లో కింది స్థాయిలో మొదలుపెట్టి 32 ఆటలు ఆడాడో లేదో, వెన్ను గాయంతో ఆగిపోయాడు. ఆ 32 ఆటల్లో అతని బ్యాటింగ్ సగటు .236. అంటే వంద ప్రయత్నాలకు 24 హిట్లు కూడా లేవు. ఆ ఒక్క అంకె చూసినవాళ్ళు రెండో రౌండు పిక్ బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నారు. దాని పక్కనే ఇంకో అంకె ఉంది. వందసార్లు బ్యాట్ పట్టుకుని నిలబడితే దాదాపు 44 సార్లు అతను బేస్ చేరుకున్నాడు. చెడ్డ బంతుల్ని వదిలేసి, అలా నాలుగు వదిలితే దక్కే వాక్ తీసుకుని, నింపాదిగా మొదటి బేస్‌కు నడిచి వెళ్ళేవాడు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ వయసులో ఆ ఓపిక ఒకరు నేర్పితే వచ్చేది కాదు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. బేస్‌బాల్‌లోనూ అది నిజమే. అయితే ఆ పరిమళం ఏ అంకెలో ఉంటుందో తెలుసుకోవాలి. సీజన్ మొదలైన మూడో వారానికే మన వాట్సాప్ గ్రూపుల్లో తీర్పులు వచ్చేస్తున్నాయి. ఒకణ్ణి ఆకాశానికెత్తేస్తారు, ఇంకొకడు అయిపోయాడంటారు. ఈ తొందర నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఓపిక మంచి గుణమని చెప్పడానికి ఈ మాట అనడం లేదు. ఆ తీర్పుల్లో లెక్కే తప్పు.

ఆ లెక్క ఒకసారి చూద్దాం. ఫ్రిస్కో ఆడే డబుల్-ఎ స్థాయిలో (మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద) మంగళవారం నుంచి ఆదివారం దాకా వరుసగా ఆరు ఆటలు, సోమవారం సెలవు. రోజూ ఆడించే బ్యాటర్‌కు ఏప్రిల్ మూడు వారాల్లో సుమారు 60 ఎట్‌బ్యాట్లు (వాక్‌లు కలపని బ్యాటింగ్ అవకాశాలు) వస్తాయి. అందులో 15 హిట్లు కొడితే సగటు .250, అంటే మామూలు ఆటగాడు. 18 కొడితే .300, అంటే స్టార్. తేడా మూడే హిట్లు! వారానికి ఒకటి. షార్ట్‌స్టాప్ ఫీల్డర్ గ్లవ్‌కు తగిలి పక్కకు దొర్లిన బంతి ఒకటి, ఎదురుగాలికి కంచె దగ్గర ఆగిపోయిన బంతి ఇంకొకటి, అంపైర్ తప్పుగా పిలిచిన స్ట్రైక్ ఒకటి. ఒక కుర్రాడి భవిష్యత్తు మీద మన తీర్పు ఈ మూడింటి మీద నిలబడి ఉంది. 500 ఎట్‌బ్యాట్ల సీజన్ ముగిసేసరికి అదే తేడా 25 హిట్లవుతుంది. అప్పుడు మాట్లాడుకుంటే అర్థం ఉంటుంది.

పిచ్చర్ల సంగతి ఇంకా సున్నితం. ఏప్రిల్‌లో వాళ్ళను ఎక్కువ బంతులు వేయనివ్వరు. ఒక్క హిట్ ఇవ్వకుండా ఆడుతున్నా సరే, అనుకున్న లెక్క దాటగానే మేనేజర్ వచ్చి బంతి తీసుకుంటాడు. మన రంజీలో వికెట్లు పడుతున్న బౌలర్ చేతిలోంచి బంతి లాక్కుంటే కెప్టెన్‌ను ఊరికే వదలరు. ఇక్కడ ఆటగాణ్ణి తయారుచేయడమే మొదటి పని, గెలుపు ఆ తర్వాతి మాట. అందుకని నెల తిరిగేసరికి నాలుగు స్టార్ట్‌లు, మహా అయితే 18 ఇన్నింగ్స్ దక్కుతాయి. ఆ 18లో ఆరు పరుగులిస్తే ఇ.ఆర్.ఎ. (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు) 3.00. అందరూ మెచ్చుకునే అంకె. ఒక్క ఇన్నింగ్స్ కలిసిరాక ఇంకో అయిదు పరుగులు పోతే అదే 5.50. ఆ పరుగులు ఎక్కడ పోయాయో కూడా చూడాలి. ఇదే లీగ్‌లోని అమరిల్లోలో మైదానం సముద్రమట్టానికి 3,600 అడుగుల ఎత్తున ఉంది. పలచని గాలిలో బంతి దూరం పోతుంది. కార్పస్ క్రిస్టీ సముద్రతీరం. ఆ రెండుచోట్ల వేసిన ఇన్నింగ్స్‌ను ఒకే తూకంలో వేయకూడదు.

మరి ఏప్రిల్‌లో చూడాల్సింది ఏమిటి? దీనికి జవాబు నాకు స్టాండ్‌లోనే దొరికింది. హోమ్‌ప్లేట్ వెనక సీట్లలో చాలాసార్లు ఒకరిద్దరు కుర్రాళ్ళు జట్టు టీషర్ట్ వేసుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళు రేపో ఎల్లుండో వేయాల్సిన పిచ్చర్లు. ఒకడి చేతిలో రాడార్ గన్, ఇంకొకడి ఒళ్ళో కాగితాల అట్ట. ప్రతి బంతికీ రాసుకుంటారు: ఏ రకం బంతి, ఎంత వేగం, ఎక్కడ పడింది, బ్యాటర్ ఏం చేశాడు. పక్కన ప్రేక్షకులు హోమ్‌రన్‌కు లేచి కేకలేస్తుంటే వాళ్ళ కలం ఆగదు. ఆ కాగితంలో బంతి బంతికీ ఒక గడి ఉంటుంది. సగటు ఎంత అని రాయడానికి చోటే లేదు.

ఆ గడుల్లో ఉన్నవే తొందరగా నిజం చెప్పే సంగతులు. పిచ్చర్ వేగం ఒకటి రెండు ఆటల్లోనే తెలిసిపోతుంది. నిరుడు గంటకు 94 మైళ్ళు వేసినవాడు ఈ ఏప్రిల్‌లో 97 వేస్తుంటే అది అదృష్టం కాదు, శీతాకాలమంతా పడ్డ కష్టం. బ్యాటర్ ఎంత తరచుగా స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) అవుతున్నాడన్నది 60 సార్లు బ్యాట్ పట్టేసరికి కాస్త నమ్మదగ్గ అంకె అవుతుందని గణాంక నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. వాక్‌లకు అంతకు రెట్టింపు కావాలి. బ్యాటింగ్ సగటు నిలకడగా కనిపించాలంటే ఒక పూర్తి సీజన్ కూడా చాలదు. మనం అన్నిటికంటే ముందు చూసేదే అన్నిటికంటే ఆలస్యంగా నిజం చెబుతుంది.

జాక్ లైటర్ కథ ఫ్రిస్కో మరిచిపోకూడనిది. తండ్రి ఆల్ లైటర్ మేజర్ లీగ్‌లో పేరున్న పిచ్చర్. కొడుకును 2021లో రేంజర్స్ డ్రాఫ్టు మొత్తంలో రెండోవాడిగా తీసుకుంది. కింది మెట్లేవీ ఎక్కించకుండా 2022లో నేరుగా ఫ్రిస్కోకు పంపారు. ఆ ఏడాది మూడు గెలుపులు, పది ఓటములు, ఇ.ఆర్.ఎ. 5.54. తర్వాతి ఏడాదీ అయిదు పైనే. మధ్యలో ఆటలు ఆపేసి వేసే తీరును సరిచేసుకోమన్నారు. ఇంత డబ్బు పోసి ఇతన్నా తెచ్చారని జనం పెదవి విరిచారు. అదే 2022లో అతను 92 ఇన్నింగ్స్ పైచిలుకులో 109 స్ట్రైకౌట్లు తీశాడు, 56 వాక్‌లు ఇచ్చాడు. అంటే బంతిలో సత్తా ఉంది, దాన్ని అనుకున్నచోట వేయడం ఇంకా రాలేదు. మొదటిది దేవుడిచ్చేది, రెండోది నేర్చుకునేది. 2024 ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో తొలి మేజర్ లీగ్ ఆటలో నాలుగు ఇన్నింగ్స్ కూడా నిండకుండానే ఏడు పరుగులిచ్చాడు. ఆ రోజు ఎన్ని మాటలన్నారో! 2025లో అతనే 29 సార్లు రేంజర్స్ తరఫున ఆట మొదలుపెట్టాడు, ఇ.ఆర్.ఎ. 3.86.

మంచి ఏప్రిల్ కూడా అంతే మోసం చేయగలదు. తల్లివైపు భారతీయ మూలాలున్న పిచ్చర్ కుమార్ రాకర్‌ను 2022లో రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకున్నప్పుడు ఆ పేరు చూసే మనవాళ్ళు సంబరపడ్డారు. 2023 సీజన్ మొదట్లో నార్త్ కరోలినాలోని హికరీలో, రేంజర్స్ కింది స్థాయి జట్టుకు ఆడుతూ స్ట్రైకౌట్లు వరదలా తీశాడు. మే నెలలో మోచేతి లిగమెంటును మార్చే టామీ జాన్ శస్త్రచికిత్స. ఏడాదికి పైగా ఆట లేదు. 2024 సెప్టెంబరులో రేంజర్స్‌కు తొలి ఆట ఆడేదాకా అతని అభిమానులకు టెన్షనే. మోచేయి లోపల లిగమెంటు ఎలా ఉందో ఏ అంకె చెబుతుంది?

వయసు గురించి ఇంకొక్క మాట. 2025లో బహామాస్ కుర్రాడు సెబాస్టియన్ వాల్కాట్‌ను 19 ఏళ్ళకే ఫ్రిస్కోలో ఆడించారు. ఎదుటివాళ్ళలో ఎక్కువమంది కాలేజీ ముగించి వచ్చిన ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళవాళ్ళు. ఏడాది చివరికి సగటు .255. చాలామందికి చప్పగా అనిపించింది. ఇంటర్ కుర్రాణ్ణి పీజీ పరీక్షకు కూర్చోబెడితే 55 మార్కులు తెచ్చాడనుకోండి, ఇంట్లో స్వీట్లు పంచుతాం. నా దృష్టిలో అది ఇరవై అయిదేళ్ళవాడు కొట్టే .300 కంటే ఎక్కువ విలువైన సీజన్.

వీళ్ళు ఎంత సంపాదిస్తారో కూడా తెలియాలి. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ ఏడాది డబుల్-ఎ ఆటగాడి కనీస వేతనం 30,250 డాలర్లు. అంతకుముందు అందులో సగం కూడా ఉండేది కాదు. వాల్కాట్‌లా లక్షల డాలర్ల బోనస్‌తో వచ్చేవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు దాదాపు ఆ జీతంతోనే టల్సా, విచిటా, మిడ్‌లాండ్ బస్సుల్లో తిరుగుతూ, రోజూ నాలుగుసార్లు బ్యాట్ పట్టుకుని, ఫోన్ తీస్తే తమ గురించి మనం రాసినవి చదువుతుంటారు.

ఈ మంగళవారం మా అబ్బాయిని తీసుకెళ్తున్నాను. వాడికి పదకొండేళ్ళు, హోమ్‌రన్ కోసం ఎదురుచూస్తాడు. ఈసారి వాడి చేతికి ఒక కాగితం, పెన్సిల్ ఇచ్చి ఒక్క బ్యాటర్‌నే ఎంచుకోమంటాను. ప్లేట్ బయటికి జారిపోయే స్లైడర్‌ను అతను ఎన్నిసార్లు వదిలాడో, ఎన్నిసార్లు వెంటపడ్డాడో గీతలు గీయమంటాను. సాయంత్రానికి అతను ఎదుర్కొనేవి అన్ని రకాలూ కలిపి పదిహేను, ఇరవై బంతులవుతాయి. ఆదివారం మళ్ళీ వెళ్ళి అదే కాగితం కింది సగం నింపుతాం.